ఆ శబ్దం ఎక్కడిది?

ప్రియమైన ముక్కోపికి,

నువ్వు ఓడెక్కిన మర్నాడే రాద్దామనుకున్నాను గానీ, నీ మీద కోపం కాస్త చల్లారాక రాస్తే మంచిదని ఆగాను. కోపం దేనికంటావా? వెళ్తూ వెళ్తూ ఈ రోయింగ్ మెషిన్ని నా నెత్తిన పెట్టి పోయావు చూడు, అందుకు. మేడ మీద ముందు గదిలో బల్ల పక్కకి జరిపి, కిటికీకి ఎదురుగా వేశాను. కూర్చునే సీటుకి చక్రాలు, ఆ చక్రాలకి కింద పట్టా. నా బతుక్కి ఇంట్లో కూడా పట్టాలే రాసిపెట్టి ఉన్నాయి. మీ అమ్మ దాన్ని పడవ అంటోంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా మా అల్లుడు మేడ మీద పడవ నడుపుతున్నాడని చెప్పి నా పరువు తీస్తోంది.

గుండె డాక్టరు చెప్పింది గుర్తుంది, నువ్వు మళ్ళీ రాయక్కర్లేదు. పొద్దునా సాయంత్రం దీని మీద కూర్చుని పిడి పట్టుకుని లాగాలి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. చలికాలం మొదట్లో మా ఆఫీసు డాక్టర్ల ముందు పరీక్షకి నిలబడాలి. నెగ్గితే నా రైలింజన్ నాకిస్తారు. లేకపోతే స్టేషన్లో ఒక మూల కుర్చీ వేసి, వచ్చేపోయే బండ్ల వేళలు రాసుకోమంటారు. ఇన్నేళ్ళు బండి నడిపి ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాదు.

అసలు సంగతేమిటంటే, ఇది శబ్దం చేస్తోంది. లాగినప్పుడు దాని లోపలి ఫ్యాను తిరిగే హోరు ఉంటుందని నువ్వు చెప్పావు, అది కాదు. లాగుతుంటే ఎక్కడో టక్కుమంటోంది. ఆపి చూస్తే ఏమీ కనబడదు. మళ్ళీ లాగితే మళ్ళీ టక్. సరిగ్గా కింద గది మీ అమ్మది కాబట్టి ఆవిడ ప్రాణమూ తీస్తోంది. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే చాలాసేపు పాట వినిపించారు గానీ మనిషి దొరకలేదు. ఓడంత ఓడ ఇంజన్ని చూసుకునేదానివి, దీని సంగతేదో నువ్వే చెప్పు.

నువ్వు రేవులో దిగి ఫోన్ చేస్తే సగం మాటలు నీళ్ళలో పడిపోతున్నాయి. అందుకే ఉత్తరం.

నీ బావ

* * *

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం రేవులో మా ఓడ ఏజెంటు తెచ్చిచ్చాడు. ఇంజన్ గదిలో నిలబడే చదివాను, అంచులకి గ్రీజు అంటింది.

టక్కుమంటోంది అని రాసి ఊరుకుంటే ఇంత దూరం నుంచి నేనేం చెయ్యను? లాగేటప్పుడా, వదిలేటప్పుడా? ప్రతిసారీనా, అప్పుడప్పుడూనా? నా కింద పనిచేసే వాళ్ళందరికీ నేను పెట్టిన పద్ధతి ఒకటుంది. శబ్దం ఎలా వినబడితే అలా అక్షరాల్లో రాయాలి. గరగర వేరు, కిర్రు వేరు, టక్కు వేరు. ఒక్కోదానికి ఒక్కో జబ్బు. నువ్వూ అలాగే రాయి.

ముందు పిడి వదిలేసి, ఉత్త సీటు మీద కూర్చుని కాళ్ళతో తోసుకుంటూ ముందుకీ వెనక్కీ వెళ్ళు. శబ్దం వస్తే సీటు చక్రాల్లోనో పట్టా మీదో ఉంది. పట్టాని తడిగుడ్డతో తుడువు. నూనె మాత్రం పెట్టకు, చక్రాలు దొర్లకుండా జారతాయి. తర్వాత సీటు కదలకుండా చేతులతో మాత్రమే లాగు. అప్పుడొస్తే పిడికి కట్టిన గొలుసుది. దానికి నూనె కావాలి. చివర్లో కాళ్ళు పెట్టుకునే పలకల బోల్టులు చూడు. ఒక్కొక్కటే చెయ్యి బావా. అన్నీ ఒకేసారి విప్పి కూర్చున్నావంటే ఏది తప్పో జన్మలో తెలీదు.

ఇంత రాశావు, ఆయాసం ఉందో లేదో రాయలేదు. అమ్మని అడిగితే అంతా బ్రహ్మాండం అంటుంది. మీరిద్దరూ కూడబలుక్కున్నారని నాకు అనుమానంగా ఉంది. రోజూ చేస్తున్నావా? అది రాయి ముందు.

నీ ముక్కోపి

* * *

ప్రియమైన ఇంజనీరమ్మకి,

పట్టాకి నూనె పెట్టొద్దన్నావు. నేను పెట్టలేదు. నీ ఉత్తరం రాకముందే మీ అమ్మ పెట్టేసింది, అదీ వంటనూనె. నాకు తెలియక కూర్చుని కాళ్ళు తన్నానో లేదో, వెనక గోడ దాకా వెళ్ళి వీపు చదును చేసుకున్నాను. పట్టాలకి నూనె పూస్తారా అత్తయ్యా, బండి జారిపోదూ అన్నాను. నీ బండి ఎలాగూ కదలడం లేదుగా అంది. ఆవిడ నోటికి తాళం లేదు. సబ్బునీళ్ళతో కడిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నువ్వు చెప్పినట్టు ఒక్కొక్కటే చూశాను. చేతులతో లాగితే టక్కు రాలేదు గానీ గరగర వచ్చింది. గొలుసుని మొత్తం బయటికి లాగి చూశాను. పిడి వైపు కొంతమేర మిలమిలా మెరుస్తోంది, అవతలిదంతా మసకగా, అక్కడక్కడా తుప్పు. నూనె రాశాక గరగర పోయింది. కుడికాలి పలక దగ్గర బోల్టు వదులుగా ఉంది, బిగిస్తే అక్కడొచ్చే కిర్రు కూడా పోయింది. ఇంత బాగుచేసినా ఆ టక్కు మాత్రం అక్కడే ఉంది. సీటుతో వెనక్కి వెళ్తుంటే మధ్యలో, ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. గోడ అవతల ఎవరో వేలితో కొట్టినట్టుంటుంది.

పరీక్ష తేదీ వచ్చింది. వచ్చే నెల మొదటి వారం. నా బదులు బండి తోలుతున్నవాడు స్టేషన్ పక్కన బండ్లు నిలిపే పట్టాల దగ్గర కనిపించి, త్వరగా వచ్చెయ్యండి సార్, మీ ఇంజన్ నా మాట వినడం లేదు అన్నాడు. అబద్ధమేలే. అయినా ఇంటికొచ్చేదాకా నేల మీద నడవలేదు.

ఆయాసం లేదు. ఈ శబ్దం ఒక్కటి పోనీ, తర్వాత నా తడాఖా చూద్దువు గాని.

నీ బావ

* * *

ప్రియమైన బావకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. ఒళ్ళు మండిపోతోంది.

గొలుసు పిడి వైపే మెరుస్తోంది, అవతలిది తుప్పు పట్టిందని నీ చేత్తోనే రాశావు. ఒళ్ళు వంచి, కాళ్ళు చాపి పూర్తిగా లాగేవాడి గొలుసు ఆ చివర నుంచి ఈ చివరిదాకా మెరవాలి. నువ్వు సగం లాగి ఆపేస్తున్నావు. రోజూ. ఇంకో మాట కూడా రాశావు, శబ్దం పోయాక నీ తడాఖా చూద్దువని. అంటే ఇంకా మొదలే పెట్టలేదన్నమాట. అమ్మ అన్నది వేళాకోళం కాదు, నిజం. నీ బండి కదలడం లేదు.

ఇన్నాళ్ళూ ఇక్కడ నేను డ్యూటీ దిగి నిద్ర మానుకుని, నీ టక్కు గురించి ఆలోచించాను. నువ్వేమో ఆ టక్కుని అడ్డం పెట్టుకుని చేతులు ముడుచుకు కూర్చున్నావు. పరీక్షలో ఏం చేస్తావు? అక్కడ పరిగెత్తిస్తారు, గుండె ఎక్కడిదాకా తట్టుకుంటుందో చూస్తారు. మెషిన్ టక్కుమంది సార్ అని చెప్తావా?

నడిసముద్రంలో ఇంజన్ శబ్దం చేస్తే మేం ఆపం. ఆపితే ఓడ కెరటాలకి అడ్డం తిరుగుతుంది. నడుపుతూనే చెవి పెట్టి, చెయ్యి పెట్టి, ఎక్కడిదో పట్టుకుంటాం. నువ్వూ అలాగే చెయ్యి. అది టక్కుమననీ, ఊడిపడనీ, ఆపకు. అమ్మని పక్కన కూర్చోబెట్టుకో, ఆవిడ వింటుంది. నువ్వు లాగు. నీకు ఆ ఇంజన్ కావాలో అక్కర్లేదో తేల్చుకో బావా.

నీ
ముక్కోపి

* * *

ప్రియమైన ముక్కోపికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గొలుసు సంగతి నువ్వు కనిపెట్టింది నిజమే. పూర్తిగా ఎప్పుడూ లాగలేదు. కానీ సోమరితనం కాదు.

మాకు నేర్పేది నీకు నేర్పినదానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. నడుస్తున్న బండిలో తెలియని శబ్దం వినబడితే డ్రైవరు చెయ్యవలసిన మొదటి పని ఆపడం. ఎంత ఆలస్యమైనా, వెనకాల ఎవరు తిట్టుకున్నా, ఆపి, దిగి, చూశాకే కదలాలి. ఇన్నేళ్ళలో అది చేతుల్లోకి ఎక్కిపోయింది. టక్కుమనగానే నా ప్రమేయం లేకుండానే పిడి వదిలేస్తున్నాను.

ఇంకొకటుంది. నీకు చెప్పలేదు. ఆ రోజు నేను బండిలో పడిపోయాను కదా, పడిపోయాకే బండి ఆగిందని నువ్వనుకుంటున్నావు. ముందే ఆపాను. మలుపు దాటుతుంటే కింద నుంచి దడదడమని శబ్దం. చక్రాల్లో ఏదో తేడా వచ్చిందనుకుని ఆపి, అసిస్టెంటుని దింపాను. పాపం వాడు పొడుగూతా టార్చి వేసి చూసుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చి, ఏమీ లేదు సార్, ఇంజన్ శుభ్రంగా ఉంది అన్నాడు. నాకింకా వినబడుతూనే ఉంది. అప్పుడర్థమైంది, ఆ దడదడ నా గుండెదని. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు.

అందుకే ఈ మెషిన్ మీద ఏం వినబడినా నాకు చెమటలు పడతాయి. అది దాని శబ్దమో నాదో తెలిసేదాకా ముందుకు లాగలేను. మీ అమ్మకి కూడా చెప్పలేదు. చెప్తే ఆవిడ ఆ మెషిన్ని కిటికీలోంచి పారేస్తుంది.

నువ్వు చెప్పిందే చేస్తాను. రేపు పొద్దున్న నుంచి ఆపను. నాకు ఆ ఇంజన్ కావాలి.

నీ బావ

* * *

ప్రియమైన బావకి,

రేపటి నుంచి ఆపనని నువ్వు రాసిన ఉత్తరం తర్వాత ఇంకోటి రాలేదు. మొన్నటి రేవులో ఏజెంటు వట్టి చేతులతో వచ్చాడు. ఇక్కడా అంతే. ఇంటికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ తియ్యడం లేదు. అమ్మ సెల్లు ఎప్పట్లాగే కట్టేసి ఉంది. పరీక్ష కూడా అయిపోయి ఉండాలి.

బావా, ఆపకు అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను ఇనుముకి చెప్పాల్సింది మనిషికి చెప్పాను. నువ్వు భయపడుతున్నావని తెలియక బద్ధకమనుకుని నోటికొచ్చినట్టు రాశాను. ఆ దడదడ సంగతి చదివి ఇంజన్ గదిలోంచి పైకి పరుగెత్తాను. వెంటనే వద్దని చెప్దామంటే ఓడ అప్పటికే బయల్దేరిపోయింది. కెప్టెన్ని బతిమాలి కబురు పంపించాను, అందిందో లేదో తెలీదు.

ఇంజన్ రాకపోతే పోనీ. నిన్ను ఎవరు ఏ కుర్చీలో కూర్చోబెట్టినా నాకు ఫరవాలేదు. ఒక్క ముక్క రాయి. బాగున్నాను అని రాయి చాలు. అబద్ధం రాస్తే మాత్రం ఊరుకోను.

నీ ముక్కోపి

* * *

ప్రియమైన ముక్కోపికి,

బతికే ఉన్నాను. ఇది ముందు చదువు, మిగతాది కూర్చుని చదువు.

నీ కబురు అందింది గానీ ఆలస్యంగా. నీకు రాసిన మర్నాటి నుంచే మొదలుపెట్టేశాను. మీ అమ్మ పట్టా పక్కన పీట వేసుకుని, వంగి, చెవి సీటుకి ఆనించినంత పనిచేసింది. నేను పళ్ళ బిగువున లాగాను. టక్, టక్, టక్. ఒక్కో టక్కుకీ చెయ్యి పిడి వదిలెయ్యబోయింది, వదల్లేదు. కాసేపటికి ఆవిడ, ఎడమవైపు వెనక చక్రం అల్లుడూ, రాసిస్తాను అంది. విప్పి చూస్తే నిజమే. చక్రం ఒకవైపు అరిగి చదునైపోయింది, ఆ చదును కిందికొచ్చినప్పుడల్లా టక్. కొత్తది తెప్పించి వేశాను. మెషిన్ నోరు మూసుకుంది.

ఆ సాయంత్రం నేనెంత లాగానో నువ్వు చూడాల్సింది. కాళ్ళు పూర్తిగా చాపి, గొలుసు చివరిదాకా. ఫ్యాను హోరు తప్ప ఏ చప్పుడూ లేదు. నా గుండె కూడా వినబడలేదు. పరీక్ష నెగ్గేసినట్టే అనుకున్నాను. ఇంజన్ మెట్లెక్కుతున్నట్టు కూడా ఊహించుకున్నాను. అప్పుడు దవడ కింద చిన్న నొప్పి మొదలైంది. తర్వాత ఎడమ చెయ్యి బరువెక్కింది. పిడి వదిలేసి మెట్లు దిగి మీ అమ్మ ముందు నిలబడ్డాను. ఆవిడ నా మొహం చూసి, చెప్పులేసుకుని వీధిలోకెళ్ళి కారు పిలుచుకొచ్చింది.

గుండెలో ఇంకో రక్తనాళం మూసుకుపోతోందట. వెంటనే తెరిచారు. అందుకే ఇంట్లో ఫోన్ ఎవరూ తియ్యలేదు. నీ కంపెనీకి కబురు పెడదామని మీ అమ్మ ఆసుపత్రి వరండాలో నాతో యుద్ధం చేసింది. నేనే వద్దన్నాను. నడిసముద్రంలో దిగడానికి నీకు రేవు లేదు, ఊరికే కంగారుపడుతూ ఇంజన్ల మధ్య తిరుగుతావు. తిట్టు, ఒప్పుకుంటాను.

నేను మంచం మీద ఉండగానే పరీక్ష తేదీ వెళ్ళిపోయింది. ఇంకో ఏడాది ఆగి మళ్ళీ పరీక్షకి నిలబడొచ్చని, నెగ్గే అవకాశం బాగానే ఉందని డాక్టరు అన్నాడు. ఇంటికొచ్చి చాలా ఆలోచించాను. మొదటిసారి నాకు దడదడ వినబడింది, బండి ఆపాను, వెనక పెట్టెల్లో ఉన్నవాళ్ళందరూ ఇళ్ళకెళ్ళారు. శబ్దం వస్తుంది, నేను వింటాను, ఆపుతాను అన్న ధీమాతోనే మళ్ళీ ఇంజన్ కావాలనుకున్నాను. ఈసారి అది చప్పుడు చెయ్యకుండా వచ్చింది. మేడ మీద కాబట్టి సరిపోయింది. మలుపులో, వేగం మీద, వెనక అంతమందిని పెట్టుకుని ఉంటే? ఇది ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

నిన్న ఆఫీసుకి వెళ్ళి ఇంజన్ వదిలేస్తున్నానని చెప్పి సంతకం పెట్టాను. మా సూపర్‌వైజరు నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆ కుర్చీ చూపించారు. కిటికీ పక్కనే ఉంది, బాగానే ఉంది. నేను కూర్చుని, మంచి కుర్చీ అని అందరితో నవ్వుతూ మాట్లాడి వచ్చాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పేసి ఏడ్చాను. మీ అమ్మ తలుపు కొట్టలేదు. బయటికొచ్చేసరికి అన్నం వడ్డించి కూర్చుంది.

ఇన్నేళ్ళలో నువ్వు వెళ్ళొస్తానన్న ప్రతిసారీ సరే అన్నాను. ఒక్కసారి కూడా ఉండమని అడగలేదు. నీ పని నీకెంత ప్రాణమో తెలుసు, అందుకని. ఇప్పుడు అడుగుతున్నాను. నాకు భయంగా ఉంది. పగలు మీ అమ్మతో నవ్వుతూనే ఉంటాను, కానీ భయంగా ఉంది. ఈ ప్రయాణం పూర్తయ్యేదాకా ఉండకు. తర్వాతి రేవులో దిగి వచ్చెయ్యి.

నీ బావ