గాంధీ నోటుకు గంధం బొట్టు

రాజపాళయం,
ఆయుధ పూజ మరుసటి రోజు.

నాయనకు, నేను బాగుండాను, భయపడొద్దు. ఫోన్ చేస్తే అమ్మే ఎత్తుతాది, అందుకే ఈ కార్డు నీ అంగడి అడ్రెస్సుకు వేస్తా ఉండాను.

నిన్న మిల్లులో పూజ ముగించుకొని ఇంటికి వచ్చి చూస్తే ఏముండాది! గాంధీ నూరో పుట్టినరోజుకు అచ్చేసిన పాత నోట్లు నువ్వు నాకు తెచ్చిచ్చినావే, నేనుండే ఇంట్లో ధనం అత్త వాటిని ఆల్బంలోనుంచి తీసి ఒక్కొక్కదానికి గంధం, కుంకుమ పెట్టేసినాది! రెండు రూపాయల నోటులో కూచొని ఉండే గాంధీకి సరిగ్గా నుదిటి మీదే బొట్టు. తడి ఊరి అవతలి పక్కకు దిగిపోయినాది. ఇంక నోట్లు సేర్చేవాళ్ళు ఎవురూ వాటిని ముట్టరు.

"అయ్యో అత్తా, ఏం పని చేసినావు!" అని అరిచినాను. అత్తకు కోపం వచ్చేసినాది. "స్కూటీకి పెడ్తాము, మిక్సీకి పెడ్తాము, నువ్వు కన్నులా చూసుకునేదానికి పెట్టకూడదా? నువ్వు ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి మీ ఊరి ఇంట్లో ఉండే నీ పెద్ద నోట్ల ఆల్బంకు మీ అమ్మ ఏటా పెడ్తా ఉండాదే, నాకు ఫోన్లో చెప్పినాది, నీకు తెలీదా?" అనినాది.

అత్తకు రాగి పిండి కావాలంట, పంపు. నీ మోకాలికి కట్టుగుడ్డ పార్సెల్ చేస్తాను. బోరులో నీళ్ళు వస్తా ఉండాయా? అమ్మను తిట్టొద్దు.

అమ్మ లేనప్పుడు బీరువాలో ఆ ఆల్బం తెరిచి చూడు నాయనా. బొట్లు లేకపోతే వెంటనే ఫోన్ చెయ్యి. ఉంటే, "ఇంట్లో అందరూ సౌఖ్యం" అని మాత్రం ఒక కార్డు వెయ్యి.

నీ బిడ్డ,
దర్శిని