టక్కుమని విరిగినందుకు చింతిస్తున్నాం

చాక్లెట్ ఫ్యాక్టరీ పెద్దలకు,

ఒక వడ్రంగి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీరూ మీ చాక్లెట్టూ క్షేమమని తలుస్తాను.

నీలం కాగితంలో వచ్చే మీ ఎనిమిది ముక్కల చాక్లెట్ పలక గురించే ఈ ఉత్తరం. శనివారం పని దిగాక ఒకటి కొనుక్కెళ్లి, నేనూ మా ఆవిడా చెరి నాలుగు ముక్కలు తింటాం. పదకొండేళ్లుగా ఇదే వరస. మొన్న విరుస్తుంటే ఎప్పటిలాగే టక్కుమని గీత మీదే విరిగింది. నలభై ఏళ్లుగా చెక్క కోస్తున్నాను. గీసిన గీత మీదే కోత పడాలంటే ఎంత చెయ్యి తిరగాలో నాకు తెలుసు. విరిగిన అంచు చిత్రిక పట్టినట్టుంది, పొడి రాలలేదు. పైన అద్దంలాంటి మెరుపు, ఒక్క తెల్ల మచ్చ లేదు. నోట్లో వేసుకుంటే కాసేపు బింకంగా నిలబడి, తర్వాత అంచుల నుంచి మెల్లగా జారిపోతుంది. నాలిక మీద మైనం పూసినట్టు ఉండదు. ముందు చేదు తగిలి, తీపి వెనకాల మర్యాదగా వస్తుంది.

ఇంత చిన్నదానికి అంత ధరా అని మా ఆవిడ ఒకసారి చవకరకం పెద్దది తెచ్చింది. మొత్తం తిన్నా తిన్నట్టు లేదు. మీది రెండు ముక్కలకే మనసు నిండుతుంది. ఆ ధర దానికే.

నాదొక కోరిక. ఆ పాకం పోసే చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. ఈ ఉత్తరం ఆ మనిషికి పదిమందిలో చదివి వినిపించండి. నాకు పని నేర్పిన మేస్త్రి ఎంత గొప్పవాడో ఆయన పోయాక అందరం చెప్పుకున్నాం. బతికుండగా ఒక్కరమూ చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇట్లు,
వడ్రంగి

తా.క.: చెరి నాలుగు ముక్కలని రాశాను కదా. అది చదివి మా ఆవిడ నవ్వింది. నావి మూడేనట. పదకొండేళ్ల తర్వాత తెలిసింది.

*

గౌరవనీయులైన వినియోగదారునికి,

మీ ఫిర్యాదు అందినది. నంబరు నాలుగు వందల పదిహేడు. మా ఉత్పత్తి టక్కుమని విరిగినందుకు చింతిస్తున్నాం. మీకు మూడు ముక్కలే అందిన విషయం కూడా నమోదు చేయడమైనది. పరిహారంగా రెండు పలకలు పంపుతున్నాం.

వినియోగదారుల ఉత్తరాలను పనివారికి చదివి వినిపించే పద్ధతి మా సంస్థలో లేదు.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం అధికారిణి

తా.క.: విరిగిన ముక్కలను పరీక్ష నిమిత్తం తిరిగి పంపగలరు.

*

ఫిర్యాదుల అమ్మగారికి,

వడ్రంగి నమస్కారాలు, కాస్త కోపంతో.

నేను పెట్టింది దండం, మీరు రాసుకున్నది దావా. పెళ్లికి పిలిస్తే పరామర్శకు వచ్చినట్టుంది మీ వరస. బాగుందండీ అని నాలుగు పేజీలు రాస్తే, బాగాలేనందుకు చింతిస్తున్నాం అంటారా? ముక్కలు పంపమన్నారు. అవి ఏనాడో కడుపులోకి వెళ్లిపోయాయి, ఇక రావు.

నేను చేసిన పనికి కూలి పుచ్చుకుంటాను గానీ ఊరికే వచ్చింది ముట్టుకోను. మీ రెండు పలకలూ తిప్పి పంపుతున్నాను. ఇంకోసారి విన్నవించుకుంటున్నాను, నాకు కావలసింది పరిహారం కాదు. నా మాట ఆ పోసే మనిషి చెవిన పడాలి, అంతే.

ఇట్లు,
ఫిర్యాదు చేయని వడ్రంగి

తా.క.: రెండూ పంపుతున్నానని రాశాను. పొట్లం కట్టడానికి పురికొస తెచ్చుకునేసరికి ఒకటే మిగిలింది. మా ఆవిడ అటు తిరిగి కూర్చుంది. పలకరిస్తే పలకడం లేదు, నోరు ఖాళీగా లేదనుకుంటాను.

*

గౌరవనీయులైన వినియోగదారునికి,

మీరు పరిహారాన్ని తిరస్కరించినందున, నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదు 'తీవ్రమైనది'గా మారినది. పోత గదిలోని ముఖ్య కార్మికురాలిని సంజాయిషీ కోరడమైనది. వచ్చే శుక్రవారం ఉదయం విచారణ.

ఫిర్యాదు వెనక్కి తీసుకోదలిస్తే, జతపరచిన ఫారం నింపి గురువారంలోగా అందేట్టు పంపగలరు.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం అధికారిణి

తా.క.: ఒక పలక మాత్రమే అందినది. రెండవదాని విషయమై తపాలా శాఖపై ఫిర్యాదు చేయమంటారా?

*

అమ్మా,

దండం పెడతాను, ఆ పోస్టు ఆయన జోలికి వెళ్లకండి. ఆయనకు ఏ పాపమూ తెలియదు.

మీ ఉత్తరం చూసినప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. మెచ్చుకోబోయి ఒక పనిమంతురాలి నోటి దగ్గర కూడు తీశానా? నేను దేన్నయినా ఊరికే మెచ్చుకునే మనిషిని కాను. మా అల్లుడు చేసిన కుర్చీలో ఆరేళ్లుగా కూర్చుంటున్నాను, ఇంతవరకు బాగుందని అనలేదు. అలాంటివాణ్ణి ఇలా రాశానంటే ఆ పని ఎంత గొప్పదో ఆలోచించండి.

ఫారం చూశాను. ఫిర్యాదుకు కారణం అన్నచోట నాలుగే గడులున్నాయి. సాగింది, కరిగింది, పాచిపోయింది, పురుగు పట్టింది. బాగుంది అన్న గడి లేదు. మూలమట్టం పెట్టి ఐదో గడి నేనే గీసి, 'బాగుంది' అని రాసి టిక్కు పెట్టాను. మీ బీరువాలో మెప్పులు పెట్టుకోవడానికి అర లేకపోతే కొలతలు పంపండి. చెక్క నాది, కూలి వద్దు.

ఆ తల్లికి ఒక్క పూట పని పోయినా ఊరుకోను. వచ్చి మీ గేటు దగ్గర కూర్చుంటాను.

ఇట్లు,
నిద్ర లేని వడ్రంగి

తా.క.: మా ఆవిడా వస్తానంటోంది. పోరాటానికి కాదు. గేటు దాకా వాసన వస్తుందో లేదో చూడాలట.

*

వడ్రంగి గారికి,

నమస్కారాలు. మీ ఐదో గడి శుక్రవారం సాయంత్రం అందింది. అప్పటికే విచారణ అయిపోయింది. అది ఆలస్యంగా అందాలనే గడువు అంత తక్కువ పెట్టాను. కోప్పడకుండా చివరిదాకా చదవండి.

మీ మొదటి ఉత్తరం మెప్పని నాకు అప్పుడే తెలుసు. పందొమ్మిదేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను, అలాంటిది ఒక్కటీ రాలేదు. ఆనందం పట్టలేక మేనేజరు గారి దగ్గరికి పరుగెత్తాను. "మెప్పులు చదివి వినిపించే రూలు లేదమ్మా, ఫైల్లో పెట్టెయ్" అన్నారు.

రూల్సు పుస్తకం ఆయనకంటే నేనే ఎక్కువ చదివాను. తీవ్రమైన ఫిర్యాదు వస్తే మాత్రం పోత గదిలో యంత్రాలు ఆపి, పనివాళ్లందరి ముందూ ఆ ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా చదివి తీరాలి. అందుకే మీ మెప్పును ఫిర్యాదుగా నమోదు చేసి మీకు కోపం తెప్పించాను. పరిహారం తిప్పి కొడతారని మీ పౌరుషం మీద భరోసా పెట్టుకున్నాను. మీకు నిద్ర లేకుండా చేసినందుకు మాత్రం క్షమించండి.

పోత గదిలో ఆమెను అందరం పెద్దక్క అంటాం. ఇరవై ఎనిమిదేళ్ల పని, మర్నాడు శనివారంతో ఆఖరు. "నీ ఉద్యోగానికేమీ కాదు, భయపడకు" అని ముందే చెవిలో వేశాను గానీ, ఏం చదవబోతున్నానో చెప్పలేదు. యంత్రాలు ఆగాయి. నూట నలభై మంది ముందు స్టూలెక్కి చదివాను. మొదట్లో ఆమె తల వంచుకునే ఉంది. చిత్రిక పట్టిన అంచు దగ్గర తలెత్తింది. మైనం మాట దగ్గర పక్కనున్నవాళ్లు ఆమె భుజం తట్టడం మొదలెట్టారు. మీ మేస్త్రి సంగతి వచ్చేసరికి మేనేజరు గారు నా చేతిలోంచి ఉత్తరం అందుకుని మిగతాది తనే చదివారు. చప్పట్లు ఆగాక ఆయనే అన్నారు, "అక్కా, రూలు ప్రకారం నీ సంజాయిషీ రాసివ్వాలి" అని. ఆమె చేతులు తుడుచుకుని, అందరూ చూస్తుండగా రాసిచ్చింది.

నా ఉద్యోగంలో ఇంత గర్వపడిన రోజు లేదు.

ఇట్లు,
మీ ఫిర్యాదుల అమ్మగారు

తా.క.: ఫిర్యాదుదారుకు సంజాయిషీ నకలు పంపడం కూడా రూలే. ఇదీ నకలు: "సదరు పలకలు పోసింది నేనే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇందులో ఎవరి ప్రోద్బలమూ లేదు. పశ్చాత్తాపం లేదు. రేపు కూడా చేస్తాను."