మెట్ల మీద నవ్వు

చిట్టితల్లీ,

ఆశీస్సులు అని మొదలుపెట్టి కొట్టేశాను. కొట్టివేతలున్న ఉత్తరం ఇంతవరకూ నేనెవరికీ పంపలేదు. ఇది పంపుతున్నాను. ఆశీర్వదించే మొహం ప్రస్తుతం నాకు లేదు. నువ్వు చివరిదాకా చదివితే అదే చాలు.

నాన్న సంతాపసభలోంచి నువ్వు లేచి వెళ్లిపోయినప్పటినుంచీ మనకి మాటల్లేవు. ఫోన్ చేస్తే నీ కూతురు తీసి, "అమ్మ పనిలో ఉంది అమ్మమ్మా" అంటోంది. దానికి అబద్ధం చెప్పడం రాదు. మధ్యలో ఆగి, "ఏం పని అని చెప్పనమ్మా?" అని నిన్నే అడుగుతోంది. అది నాకు వినపడుతూనే ఉంది. నీకు సంజాయిషీ ఇద్దామని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు నా నోటి నుంచి కూడా నువ్వు వినాలి.

మన థియేటరు స్టేజి మీదికే నన్ను మాట్లాడమని పిలిచారు. రాసుకున్న కాగితం చేతిలో ఉంది. "ఈయన పక్కతెర వెనక కూర్చుని నలభై ఏళ్లు నాకు మాట అందించారు. ఇవాళ నా మాట నేనే కాగితంలో చూసి చదువుకోవలసి వచ్చింది." ఇదీ నేను రాసుకున్నది. "చదువుకోవలసి" దాకా వచ్చేసరికి మైకు జారింది. స్టాండుకున్న మర వదులుగా ఉంది. మాట వినపడాలని నేనూ కొంచెం వంగాను. అది ఇంకాస్త జారింది. ఇంకాస్త వంగాను. ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు.

నా సిగ్గంతా ఇక్కడుంది. ఆ కిసుక్కు వినగానే నేను నిటారుగా నిలబడాల్సింది. చెయ్యి చాపి మైకు పట్టుకుంటే సరిపోయేది. ఒక చెయ్యి ఖాళీగానే ఉంది. కానీ నా నడుము నన్ను అడక్కుండానే కిందికి పోయింది. తర్వాత మోకాళ్లు. మొహం మాత్రం గంభీరంగా, ఏమైనా సరే వాక్యం పూర్తి చేసి తీరాలన్నట్టు ఉంది. అదే కదా నా విద్య! కింద కుర్చీ జారిపోతున్నా మర్యాద జారనివ్వని పెద్దమనిషి. ఆ వేషంతోనే నాకు పేరొచ్చింది. కూరల దుకాణంలో, డాక్టరు దగ్గర, ఎక్కడ కనపడినా నేను నోరు తెరవకముందే జనం నవ్వడం మొదలుపెట్టేది ఆ వేషం వల్లే. చివరికి నేల మీద చతికిలబడి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, "వచ్చింది" అని ముగించాను. హాలు గొల్లుమంది.

హాలంతా నవ్విందని పేపర్లో రాశారు. తప్పు. చివరి రెండు వరుసలు నవ్వలేదు. వాళ్లకి నేను కనపడలేదు.

అంతటితో లేచినా బాగుండేది. లేవలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, ఎడమవైపు చూశాను. ఎందుకు చూశానో నీకు చెప్పాలి. నవ్వు మీద మాట వేస్తే మాట చస్తుంది. నవ్వు పైకి పోయి, దిగడం మొదలయ్యాక, పూర్తిగా చల్లారకముందే తర్వాతి మాట పడాలి. ఆ క్షణం పట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరని ఎంతమంది రాశారు! నాకా క్షణం ఒక్కనాడూ తెలియలేదు. పక్కతెర వెనక మీ నాన్న చూపుడువేలు ఎత్తి ఉంచేవారు. వేలు దించితే నేను మాట అనేదాన్ని. ఆ రోజు కూడా వేలు కోసం చూశాను. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది. అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. ఆ చూపు కూడా నటనే అనుకుని చప్పట్లు కొట్టారు. అప్పుడే నువ్వు మొదటి వరుసలోంచి లేచావు. ఒక చెయ్యి మూతికి అడ్డం, ఇంకో చేత్తో పిల్లని లాక్కుంటూ.

మర్నాడు పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. "అంత దుఃఖంలో ఉండి కూడా ఎంత నవ్వించారండీ! మా ఆయనైతే ఇంటికొచ్చాక కూడా ఒకటే నవ్వు" అంటూ నా చెయ్యి నిమిరింది. ఆవిడని కూర్చోమని కూడా అనలేకపోయాను.

చిన్నప్పుడు మీ బడికి వస్తే నన్ను చూసి మీ టీచర్లు నవ్వాపుకోలేక పుస్తకాలు అడ్డం పెట్టుకునేవారు. "నువ్వు రాకమ్మా, నాన్నని పంపు" అన్నావు. నేనింట్లో అంత కఠినంగా మారింది అప్పటినుంచే. లెక్కల్లో ఒక్క మార్కు పోయినా నిలదీశాను. భోజనాల దగ్గర నవ్వితే కేకలేశాను. వీధి వీధంతా నవ్వుకోనీ, నా బిడ్డ మాత్రం నన్ను చూసి నవ్వకూడదు, నా వల్ల తలదించుకోకూడదు అనుకున్నాను. తండ్రి సంతాపసభలో నిన్ను తలదించుకునేలా చేశాను.

థియేటరు మేనేజరు వచ్చాడు. వచ్చే నెల నాటకంలో ముసలి జడ్జి వేషం ఒప్పుకుని ఉన్నాను కదా.

"చెయ్యనయ్యా" అన్నాను.

"అదేంటమ్మా, మా మీద కోపమా?"

"సిగ్గు."

పకపకా నవ్వాడు. చూశావా, సిగ్గు అన్నా నవ్వుతారు.

ఇక వేషం కట్టను. నువ్వు పిలిచేదాకా మీ ఇంటికి రాను. ఇది అలక కాదు.

అమ్మ


చిట్టితల్లీ,

ఆశీస్సులు. ఈసారి కొట్టెయ్యలేదు.

నీ జవాబు అందింది. నువ్వు రాసిన ముక్క మళ్లీ ఇక్కడ రాస్తున్నాను. నా చేత్తో రాస్తేగానీ నమ్మకం కలగడం లేదు.

"అమ్మా, నేను నీ మీద కోపంతో లేవలేదు. నాకు నవ్వొచ్చింది. నాన్న ఫోటో ఎదురుగా కూర్చుని నవ్వేశాను. మూతి మూసుకున్నా ఆగలేదు. బయట మెట్ల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను. పిల్ల హడలిపోయింది. తర్వాత అక్కడే ఏడ్చాను. నాన్న పోయి ఎన్నాళ్లయిందని నవ్వావే అంటావని భయపడి ఫోన్ తియ్యలేదు. మనింట్లో నిన్ను చూసి నవ్వకూడదు కదమ్మా."

ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ఆ నిబంధన పెట్టింది నేనే.

నీకొక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మాట అందించేవాడు నవ్వకూడదు. హాలు విరగబడి నవ్వినా పక్కతెర వెనక నుంచి కిక్కురుమనకూడదు. మీ నాన్న నాటకం అయ్యేదాకా బిగబట్టుకుని, దారంతా బిగబట్టుకుని, మన మేడమెట్ల మలుపు దగ్గర కూలబడి అప్పుడు నవ్వేవారు. నేను తాళంచెవి పట్టుకుని, "చాల్లెండి, పిల్ల లేస్తుంది" అని కసిరేదాన్ని. ఆయన మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. వేళ్ల సందుల్లోంచి నవ్వు వచ్చేది. ఆ ఒక్క నవ్వు కోసమే ఆడుతున్నానని ఆయనతో ఒక్కసారీ అనలేదు.

నువ్వూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునే లేచావు. ఎదురుగా చూసి కూడా పోల్చుకోలేకపోయాను.

మైకు మర బిగించకుండా ఎందుకు వదిలేశారని థియేటరులో సామాను చూసే అతన్ని గట్టిగా అడిగాను. పాపం, తల గోక్కున్నాడు. "కుర్చీలూ మైకులూ ముందే వచ్చి అన్నీ అయ్యగారే బిగించేసేవారమ్మా. అలాంటి పనొకటుందనే మాకు తెలీదు" అన్నాడు.

సిగ్గు పోయిందని రాయను. ఉన్నది లేదని రాయడం నాకు చేతకాదు. అది ఉంది. ఇంకా కొన్నాళ్లుంటుంది. అయినా జడ్జి వేషం వేస్తానని మేనేజరుకి కబురు పంపాను. ఒక షరతు పెట్టాను. ఎడమ పక్కతెర వెనక కుర్చీ నీది. మాట అందించక్కర్లేదు, నాకు పాఠం వచ్చు. నవ్వు దిగేటప్పుడు వేలు దించు, చాలు. ఎప్పుడు దించాలని నన్నడక్కు. ఆయన బిడ్డవి, నీకు తెలుస్తుంది.

నాన్న స్క్రూడ్రైవరు వంటింటి సొరుగులో ఉంది. అందుకని ఆ రోజు కాస్త ముందుగా రా.

అక్కడ మాత్రం నవ్వడానికి వీల్లేదు. ఇంటికొచ్చాక మెట్ల మలుపు దగ్గర ఎంతసేపైనా కూర్చో. నేను తాళంచెవి పట్టుకుని నిలబడతాను. కసరను.

నీ అమ్మ