ఎర్రకారు డిక్కీలో నీళ్లు

పల్నాడు జిల్లా నరసరావుపేట కాపురస్తుడు, కీర్తిశేషులు పావులూరి వెంకటప్పయ్య గారి కుమారుడు, పత్తి వ్యాపారం చేసి విరమించిన గోపాలకృష్ణయ్య అను నేను, డెబ్బై మూడేళ్ల వయసులో, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. స్థిమితం సంగతి డాక్టరు గారి చేత రాయించి జత చేశాను. నా బావమరిది మస్తాన్‌రావు దాని మీద కోర్టుకెక్కుతాడని నా అనుమానం.

1. నా స్వార్జితమైన ఇల్లు నా తదనంతరం నా భార్య శేషమ్మకు, రొంపిచెర్ల పొలం మా అబ్బాయి తేజకు సర్వహక్కులతో చెందవలెను. ఇందులో పేచీ ఏమీ లేదు. పేచీ అంతా కారుతోనే.

2. కారు అనగా నేను మద్రాసులో మోజుపడి కొన్న రెండు తలుపుల పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. దాని డిక్కీ మూత మీద స్పాయిలర్ ఉంది, పేటలో అందరూ రెక్క అంటారు. వాన పడితే ఆ రెక్క బోల్టుల దగ్గర నుంచి లోపలికి నీళ్లు కారతాయి. కార్పెట్టు కుళ్లింది, జాకీ తుప్పు పట్టింది. రబ్బరు వాషర్లు మార్పించాను, సీలెంటు పూయించాను. అయినా ఆగలేదు. తెలిసినవాళ్లే ఎవరో కావాలని కారిస్తున్నారని తేల్చుకున్నాను.

3. మస్తాన్‌రావు వచ్చినప్పుడల్లా "ఈ డబ్బా నీకెందుకు బావా, నాకిచ్చెయ్" అంటాడు. తుప్పు పట్టించి చవగ్గా కొట్టేద్దామని చూస్తున్నాడని గేటు తాళం మార్చాను. అతనికి నా పాత గొడుగు.

4. తేజ "అమ్మేద్దాం నాన్నా" అన్నాడు. వాడిని పట్టుకుందామని షెడ్డులో కెమెరా పెట్టించాను. ఇంజను వేయకుండా సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పుకుంటూ దొరికాడు. కారు వాడికే చెందవలెను.

5. మెకానిక్ తన్వీర్ పని దొరకడానికి తనే బోల్టులు వదులు చేస్తున్నాడేమోననీ అనుకున్నాను. అందరికంటే ఎక్కువ అనుమానించింది మాత్రం శేషమ్మనే. కారును దిక్కుమాలిన బండి అంటుంది, ఒక్కనాడూ ఎక్కలేదు. కొన్న కొత్తలో ఆమె బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కడితే, ఇదేమన్నా లారీనా అని నలుగురిలో తెంపి పారేశాను. ఆ కసి ఉందనుకున్నాను.

6. ఈ శ్రావణంలో డిక్కీ లోపల ప్రతి బోల్టు చుట్టూ పొడి దూది పెట్టి, పైన నీళ్లు పోయించాను. రెక్కను నిలబెట్టే రెండు కాళ్లలో ఎడమ కాలి దగ్గర దూది ముందు తడిసింది. రెక్క ఊడదీస్తే ఆ కాలి కింద, వాషరుకూ రేకుకూ మధ్య, కోటప్పకొండ నల్లదారం ఉంది. పసుపు రాసి, శేషమ్మ వేసే ముడే వేసి ఉంది. వాషరు రేకును అంటక, దారం వెంట నీళ్లు దిగుతున్నాయి.

తన్వీర్‌ను నిలదీశాను. "అమ్మగారు ఒట్టేయించుకున్నారు సార్. పైన కడితే మీరు తెంపేస్తారంట. మాచర్ల రోడ్డులో మీరు చానా స్పీడుగా పోతారని ప్రతి శివరాత్రికీ కొత్తది పెట్టిస్తారు," అన్నాడు. దారం ఉన్నంతకాలం సీలెంటు నిలవదని అతనికి తెలుసు. తెలిసీ నా తిట్లు పడ్డాడు. నా స్పానర్ల పెట్టె తన్వీర్‌కు.

జాగ్రత్త అన్న మాట శేషమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. నాకు సిగ్గేసింది, చాలా సంతోషమూ వేసింది. ఆమెను అడగలేదు. అడిగితే మానేస్తుందని భయం.

7. కారు విషయంలో తేజకు ఒక్కటే షరతు. మీ అమ్మ ఉన్నంతకాలం, ఆమె దారం మార్పించడానికి తప్ప, ఆ రెక్క ఊడదీయరాదు. వానాకాలం డిక్కీలో పాత దుప్పటి పరుచుకోవలెను.

8. సాక్షులకు సంతకం చోటు మాత్రమే చూపించాను, పై భాగం మడిచాను. వాళ్లు మంచివాళ్లే, కానీ శేషమ్మ చెవిన ముందే పడకూడదు.

శేషమ్మా, నీ దారం తీయలేదు. మళ్లీ అక్కడే పెట్టి, నట్టు నేనే బిగించాను. దాని పక్కన ఇంకొకటి ఉంటుంది. అది నీ కోసం నేను కట్టింది.

నరసరావుపేట, 2025 ఆగస్టు 19.

(సంతకం) పావులూరి గోపాలకృష్ణయ్య

సాక్షులు:
1. షేక్ గులాం మొహిద్దీన్
2. కొల్లి సాంబశివరావు