కుడిచేతి సింహం

వదినా, నేను కులాసా. నా పని ఊడిందని మామయ్య చెప్పింది సగమే నిజం, కంగారుపడకు.

మా కుట్టు కార్ఖానాలో అన్నయ్య పటాలం చొక్కాల చేతులమీద చిహ్నాలు కుడుతున్నాం. పంజాలో తాళంచెవి పట్టుకున్న సింహం అది. వాళ్లు శత్రువుకు అప్పగించని కోట తాళంచెవి! మావాళ్లు కుడిచేతి చిహ్నాలు కూడా ఎడమచేతి అచ్చుతోనే కుట్టేశారు. ఆ చొక్కాలు తొడిగితే కుడిచేతిమీది సింహం వెనక్కి తిరిగి పారిపోతున్నట్టుంటుంది.

"ఎవడు చూస్తాడోయ్, మూట కట్టు," అన్నాడు యజమాని.

"మా వదిన చూస్తుంది. నా మొగుడు పారిపోయేవాడా అని మీ గుమ్మంలో బైఠాయిస్తుంది," అని మూటమీదే కూర్చున్నాను. మెడపట్టి గెంటాడు. తెల్లారాక తనే పిలిపించి, "అంత పౌరుషముంటే సెలవుల్లో నువ్వే విప్పి కుట్టు," అన్నాడు. కుడుతున్నాను, గర్వంగానే.

అందుకే ఈసారి పాపను చూడటానికి రాలేను, తిట్టుకో. అమ్మ దగ్గు తగ్గిందా? నా పెట్టెలోని కరపత్రాలతో పొయ్యి రాజేయకండి, అవి లోకాన్ని రాజేయడానికి. అమ్మకు దణ్ణాలు.

అన్నయ్య వచ్చినప్పుడు పాపను కుడిచేత్తోనే ఎత్తుకోమను. బాబాయి కుట్టిన సింహం దాని కళ్లెదుటే ఉంటుంది.

నీ కోపిష్టి మరిది