తొమ్మిదో కేసు చీటీ

జూన్ 3, మంగళవారం
ఓ కాగితమా, శిరసు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇక నీ మీద పడబోయే రాతల్లో దేశభక్తి లేదు, వీరగాథ లేదు. ఉన్నదల్లా ఒక శత్రువు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటాడు, స్నానానికి క్యూ కడతాడు, నెల జీతానికి శత్రుత్వం చేస్తాడు. నేనే.
పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఆఫీసు. కంప్యూటర్ తెర మీద నేను క్షిపణి వదులుతాను. దాన్ని గాల్లోనే గుద్దే ఇంటర్‌సెప్టర్‌ను పక్క సీట్లోంచి మల్లేశ్ వదులుతాడు. ఎనిమిది రకాలుగా వదిలాను, ఒక్కో రకం ఒక్కో కేసు. ఎనిమిదీ గుద్దేశాడు.
"నువ్వేం దుష్మన్‌వి రా? చుట్టం లెక్క చెప్పి ఒస్తవ్."

జూన్ 5
హాస్టల్ డాబా. మామిడిపండు తిని, టెంకా తొక్కా కలిపి కింది చెత్తకుప్ప మీదికి విసిరాను. కాకి దిగింది — గిరగిరా తిరుగుతూ, మెరుస్తూ పడుతున్న తొక్క వెంట పోయింది. టెంక తన దారిన తను దబ్బున పడింది.
నిలబడిపోయాను. చెయ్యి కూడా కడుక్కోలేదు...

జూన్ 6
తొమ్మిదో కేసు. నా క్షిపణి ఇప్పుడు దిగేటప్పుడు రెండు ముక్కలవుతుంది. కాలిపోయిన ఖాళీ డొల్ల గిరికీలు కొడుతూ ధగధగలాడుతుంది. బాంబున్న చిన్న ముక్క బుద్ధిగా పక్కనే వస్తుంది. ఇంటర్‌సెప్టర్ మూతిలో ఉండే కన్ను — సీకర్ — ఆఖరి క్షణాల్లో డొల్ల వెంట పోయింది.
"అరే, ఏంది గిది?" మల్లేశ్ మళ్లీ నడిపాడు. మళ్లీ తొక్కే.

జూన్ 9
సత్యమూర్తి గారికి చూపించాం. మా పెద్దాయన, కాకినాడ మనిషి. ఆ సీకర్ లెక్కలన్నీ ఆయనవే. నెలాఖరుకు రిటైర్మెంట్. ఆలోగా నిజం ఇంటర్‌సెప్టర్ సముద్రం మీద ఎగరడం కళ్లారా చూడాలని ఆశ. గురువారం రివ్యూ గట్టెక్కితేనే ప్రయోగం.
మరోసారి నడిపించుకుని చూశారు. "బాగా చేశావయ్యా." కుర్చీ నా వైపు తిప్పి, "నేను వెళ్లాక సరిచేసుకోండి బాబూ. గురువారం తొమ్మిదో చీటీ మాత్రం వెయ్యకు."
అదీ మా ఆచారం. కేసుల నంబర్లు చీటీల మీద రాసి స్వీటు డబ్బాలో వేస్తాం. వచ్చిన పెద్దల్లో ఒకరు తీస్తారు. తీసిన కేసునే అందరి ముందూ నడపాలి. చీటీలు రాసే పవిత్ర బాధ్యత శత్రువుది.
రోజూ తన క్యారియర్‌లోంచి నాకు గోంగూర పచ్చడి పెట్టే మనిషి. ఎలా కాదనడం?

జూన్ 11
ఆఫీసు నుంచి వస్తూ ఎల్‌బీ నగర్ చౌరస్తా. బస్సెక్కాను. దిగాను. మళ్లీ ఎక్కబోయాను.
"ఎక్కుతవా, ఎక్కవా తమ్మీ? జర తేల్చుకో!" — కండక్టర్.
కూడలి నిండా జనం, మూటలు, విజయవాడ బస్సుల కేకలు. పైన తొక్కను గుద్దితే టెంక పడేది చెత్తకుప్ప మీద కాదు.
ఎక్కలేదు. హాస్టల్ దాకా నడిచాను.

జూన్ 12
రివ్యూ. కమిటీ పెద్దావిడ డబ్బాలో చెయ్యి పెట్టి తీశారు. తొమ్మిది.
నడిపాం. తొక్క.
ప్రయోగం వాయిదా.
సత్యమూర్తి గారు నా వైపు చూడలేదు.

జూన్ 13
పొద్దుటి నుంచీ ఆయన బోర్డు దగ్గరే. చెరుపుతారు, రాస్తారు. "గిరికీలు కొట్టేదాన్ని వదిలెయ్యమందాం సీకర్‌ని... ఏమంటారర్రా?" గొంతులో హుషారు! ప్రయోగం నాటికి ఆయన ఇక్కడ ఉండరు.
భోజనాల దగ్గర మల్లేశ్ అడిగాడు: "గన్ని చీటీలల్ల అదే ఎట్ల తగిలింది సార్?"
"దైవం తీయించింది." నా గిన్నెలో గోంగూర వేస్తూ, నెమ్మదిగా, "నెలాఖరు రివ్యూకి చీటీలు నేనే రాస్తాలే బాబూ."
తెలిసిందా? తెలియలేదా? ముఖంలో ఏమీ లేదు. పచ్చడి మాత్రం రోజూ వేసినంతే వేశారు.

జూన్ 14
కాగితమా, ఆయన మాట నేను వినలేదనకు. తొమ్మిదో చీటీ వెయ్యొద్దన్నారు. వెయ్యలేదు.
ఎనిమిది వేశాను. ఎనిమిదింటి మీదా తొమ్మిదే రాశాను.