పదకొండు పానాలు

చంద్రపూర్, జులై 3.
వాన పొద్దున ఆగింది. చేసిన పని: ఇంటి మోటారుకు వాషర్ మార్చాను.

చి. స్నేహలతకు బాపు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మెకానికల్ ఇంజనీరింగ్ అయిపోయింది కదా, కంప్యూటరు మీద యంత్రాలు గీసే ట్రైనింగు తీసుకోనా, పంపులు రిపేరు చేసేది తీసుకోనా అని అడిగావు. నేను గనిలో ముప్పై ఏళ్లు పంపుల ఫిట్టరును. పనిలో పడి నేర్చుకున్నదే తప్ప చదివింది లేదు. నీకేది ఇష్టమైతే అది.

ఇంతే.
రాజం

తా.క. నాగపూర్ బస్సులో నట్లు తిప్పే నా పానాల పెట్టె పంపుతున్నాను. పనికొస్తాయి.

నాగపూర్, జులై 7.

బాపుకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే నువ్వు ‘ఆఁ’ తప్ప ఏమీ అనవు కాబట్టి మళ్లీ ఉత్తరమే. పైన ఆ వానలు, వాషర్లు ఏంది బాపూ, ఇదేమన్నా గని రిజిస్టరా?

పెట్టె చేరింది. హాస్టల్ మెట్లు ఎక్కించడానికి నలుగురం పట్టాం. వార్డెన్ చూసి ఎవరింటి తాళం పగలగొడతావని అడిగింది.

నీ మనసు నాకర్థమైంది. నోటితో ‘నీ ఇష్టం’, పెట్టెతో ‘పంపులు’. చిన్నప్పుడూ అంతే, ‘సినిమాకు పోతే పో’ అంటూ చీపురు చేతికిచ్చేవాడివి. ముందుగా గీసే కోర్సులో ఇచ్చిన పేరు కొట్టేయించి పంపుల కోర్సులో రాయించాను. సంతోషమే కదా?

నీ స్నేహ

తా.క. పెట్టెలో పన్నెండు గళ్లున్నాయి, పానాలు పదకొండే. ఒకటి అమ్మ కొబ్బరికాయలు కొట్టడానికి ఉంచుకుందా?

చంద్రపూర్, జులై 11.
ఉక్క. చేసిన పని: కూలరు కడిగి అటకెక్కించాను.

చి. స్నేహలతకు దీవెనలు.

నీ ఉత్తరం చదివాను. సంతోషం.

మీ అమ్మకు చెప్పాను. “గదేంది, గీస్తనన్న పిల్ల నూనెల చేతులు పెడ్తదా?” అంది.

“దాని ఇష్టం” అన్నాను.

“మరి నీ ఇష్టమేంది?”

అప్పుడు కూలరు నెత్తిమీద ఉంది. ముందు దాన్ని అటకెక్కించాను.

పంపులంటే నీకింత ఇష్టమని నాకు తెలియదు. ఖాకీ సూటు కుట్టించి పంపుతున్నాను. నీ కొలతలు లేవని టైలర్ అనంతరావు నావే తీసుకున్నాడు.

రాజం

తా.క. బూట్లు తొడిగే ముందు దులుపు. పంపుల దగ్గర తేళ్లుంటాయి. కంగారేం లేదు.

నాగపూర్, జులై 15.

బాపుకు నమస్కారాలు.

సూటు చేరింది. నేనూ నా రూమ్మేటూ ఇద్దరం పట్టాం. ఇంకా జాగా మిగిలింది.

ఒక మాట. పంపులు నీకోసమే తీసుకున్నా. రోజూ గీసే క్లాసు కిటికీ ముందు నుంచి పోతుంటే నా కాళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. శనివారం సాయంత్రం ఐదు దాకా కోర్సు మార్చుకోవచ్చట, తర్వాత లేదు. నువ్వు పంపులే అంటే పంపులే. కానీ ఒక్కసారి నీ మనసులోది చెప్పు. ‘నీ ఇష్టం’ అని మాత్రం రాయకు.

స్నేహ

తా.క. ‘ఆఁ’ అని కూడా.

చంద్రపూర్, జులై 18, శనివారం.
ఎండ.

చి. స్నేహలతకు దీవెనలు.

పోస్టుమన్ నీ ఉత్తరం ఇప్పుడే ఇచ్చాడు. వెంటనే ఫోన్ చేశాను. “బాపూ, చెప్పు” అన్నావు. “ఆఁ” అన్నాను. పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

పానాలు రిపేరుకని పంపలేదు. నా చేతికొచ్చిన ప్రతి పంపులోనూ మూలకు ఒక నట్టుండేది. పానా పడుతుంది, తిరగదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి “ఇది గీసినోడు ఎన్నడన్న పానా పట్టిండా?” అని తిట్టుకునేవాళ్లం. నువ్వు గీసేటప్పుడు బల్లమీద పానాలుంటే ఒకసారి తిప్పి చూస్తావు, తిరిగేంత జాగా ఉంచుతావు అనుకున్నాను. ఆ మాట రాయాల్సింది. పెట్టె చూస్తే తెలుస్తుందిలే అనుకున్నాను.

నా ఇష్టం గీసేదే.

పోస్టులో వేస్తే ఐదింటిలోపు అందదు. పదకొండు గంటల బస్సుకు నేనే తెస్తున్నాను. నన్ను మాట్లాడించకు, చదువుకో.

రాజం

తా.క. పన్నెండో పానా నా దగ్గరే ఉంది. మూల నట్టు కోసం నేనే సగానికి కోసుకున్నది. నువ్వు గీస్తే దానితో పనుండదని పంపలేదు.

మీ అమ్మ “బస్సు పోతది” అని అరుస్తోంది. పైన రాయడం మరిచాను. చేసిన పని: